రికార్డులో లేని సంగతి

వయొలిన్ టీచరుగా చేరబోతున్న ఒకమ్మాయి ఈమధ్య మా ఇంటికి వచ్చి, "మేడమ్, ఈ ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పండి" అంది. కాఫీ ఇచ్చి రెండు గంటలు మాట్లాడాను. ఆ అమ్మాయి వెళ్లాక గుర్తుచేసుకుంటే సెలవులు, పరీక్షల గొడవ, తల్లిదండ్రులతో ఎలా మెలగాలి, ఇవే చెప్పినట్టున్నాను. అసలు చెప్పాల్సింది మిగిలిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను.

ముందు బిరడాలు

ముప్పై రెండేళ్లు నేర్పాను. అందులో సగం కాలం తీగలు బిగించే బిరడాలు తిప్పడంలోనే గడిచి ఉంటుంది. విశాఖలో సముద్రపు గాలికి వానాకాలంలో బిరడాలు ఉబ్బి కదలవు, ఎండాకాలంలో వదులై నిలవవు. తీగలు తుప్పు పడతాయి. పదిమంది పిల్లల వయొలిన్లు శ్రుతి చేసేసరికి గంట క్లాసులో పావుగంట పోతుంది. అది వృథా అనుకోకండి. ఆ పావుగంట పిల్లలు ఏమీ వాయించకుండా కూర్చుని వింటారు. మిగతా సమయమంతా వినకుండా వాయిస్తారు.

మా సంగీత పాఠశాల ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పక్క మేడ మీద ఉండేది. పిల్లలు అక్కడ లెక్కలు ముగించుకుని, అదే బ్యాగుతో మెట్లెక్కి వచ్చేవారు. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు దిగిన నాన్నలు బెంచీ మీద కూర్చుని కునుకు తీసేవారు. కూతురి కమాను కీచుమంటే మాత్రం ఉలిక్కిపడి లేచేవారు.

మొదటి ఏడాది పిల్లల్ని తిట్టకండి. ఆ పని వయొలిన్ చూసుకుంటుంది. వీణకి మెట్లుంటాయి, హార్మోనియానికి రీడ్లుంటాయి, దీనికి ఏమీ ఉండదు. వేలు వెంట్రుక వాసి పక్కకి జరిగినా వీధి చివర దాకా తెలిసిపోతుంది. కొందరు టీచర్లు వేలు పెట్టే చోట రంగు కాగితం అంటిస్తారు. నేనూ అంటించాను. అంటించే రోజునే తీసేసే రోజు కూడా చెప్పండి. లేకపోతే పిల్లలు కళ్లతో వాయించడం మొదలుపెడతారు.

మా ప్రిన్సిపాల్ గారు

ఆయన గురించి మంచే ముందు చెప్పాలి. తుఫాను హెచ్చరిక వచ్చిన ఒక సాయంత్రం స్కూలుకి ఒకే ఒక్క పిల్ల వచ్చింది. ఆయన ప్యాంటు మడిచి, నీళ్లలో నడుచుకుంటూ వచ్చి, ఆ పిల్లకి స్వయంగా పాఠం చెప్పి ఇంటికి దింపి వెళ్లారు. క్లాసు ఎగ్గొట్టడం అనే ఆలోచన నాకు రాకుండా పోవడానికి ఆయనే కారణం.

కానీ ఆయనకి పరీక్షలే లోకం. ఎంతమంది పాసయ్యారు, పోటీల్లో ఎన్ని కప్పులొచ్చాయి. కర్ణాటక సంగీతంలో సగం రాసుకున్నది, సగం అప్పటికప్పుడు కల్పించుకునేది. రాగాన్ని ఆలాపన చేయడం, స్వరాలు అల్లుకుంటూ పోవడం, వీటిని మనోధర్మం అంటాం. ఆయన దాన్ని పిల్లల దరిదాపుల్లోకి రానిచ్చేవారు కాదు. "ముందు పుస్తకంలో ఉన్నది రానివ్వండి. సొంత కవిత్వం పెద్దయ్యాక" అనేవారు.

ఆ మాట నాకూ సుఖంగానే ఉండేది. రాసుకున్నదైతే తప్పు ఎక్కడుందో ఇట్టే చెప్పచ్చు.

అప్పట్లో అప్పలరాజు అని స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్, ముప్పై ఏళ్లవాడు, షిఫ్టు అయ్యాక వచ్చి నేర్చుకునేవాడు. గీతం వాయిస్తూ వాయిస్తూ మధ్యలో తనకి తోచింది ఏదో చేర్చేసేవాడు. చేర్చి, నావైపు చూసి నవ్వేవాడు. "పుస్తకంలో అలా ఉందా?" అని అడిగాను. "నేదు మేడమ్, బాగుంటాదనిపించి" అన్నాడు. "బాగుండటం తర్వాత, ముందు సరిగ్గా ఉండాలి" అన్నాను. రెండు నెలల తర్వాత రావడం మానేశాడు. నేర్చుకోవాలన్న కోరిక అతనికి తగ్గలేదు. నా మాటకే మానేశాడు.

హైమ

హైమ ఎనిమిదేళ్ల వయసులో మా దగ్గర చేరింది. వాళ్ల నాన్న రామునాయుడు పోర్టులో క్రేన్ ఆపరేటర్. శ్రీకాకుళం వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. వన్ టౌన్‌లో ఆటో కూడా తిరగని సందులో కాపురం. ఇంట్లో సంగీతం తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఎవరి పెళ్లిలోనో వయొలిన్ విని, భోజనానికి రానని అక్కడే కూర్చుండిపోయిందట ఆ పిల్ల.

"మా గుంటకి ఇది నేర్పండి మేడమ్. నాకేటీ తెల్దు. మీరెలగ సెప్తే అలగే" అన్నాడు రామునాయుడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఒక్క క్లాసు కూడా తప్పించలేదు.

హైమ జ్ఞాపకశక్తి చూసి నాకు భయం వేసేది. వర్ణమైనా కృతైనా రెండు రోజుల్లో పట్టేసేది. పదహారో ఏట నేను ఆ పిల్ల ఫోన్‌కి ఒక రికార్డింగ్ పంపించాను. చెన్నైలో స్థిరపడిన ఒక పెద్ద విద్వాంసురాలు ఎప్పుడో వాయించిన మోహన రాగం, ఇరవై నిమిషాల పైచిలుకు. పోటీల్లో ఇది ఉన్నదున్నట్టు వాయిస్తే తిరుగుండదని నా ఆలోచన. ఆవిడ అప్పటికప్పుడు కల్పించిన ఆలాపనని, స్వరాల్ని హైమ చేత బట్టీ పట్టించాను. కమాను ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ దించాలో అన్నీ.

అందులో ఒకచోట చిత్రమైన గమకం ఉండేది. గాంధారం నుంచి పంచమానికి వెళ్తూ మధ్యలో ఏదో సన్నగా తగిలి మాయమయ్యేది. ఎన్నిసార్లు విన్నా అదేమిటో అంతుపట్టలేదు. దాన్ని సాధించడానికి మా ఇద్దరికీ నెల పట్టింది. వచ్చిన రోజు స్వీట్లు తెప్పించి క్లాసంతా పంచాను.

అనుకున్నట్టే కప్పులొచ్చాయి. ప్రిన్సిపాల్ గారు వాటికోసం కొత్త అద్దాల బీరువా చేయించారు. పిల్ల మాత్రం మారిపోయింది. తను వాయించింది ఫోన్లో రికార్డు చేసుకునేది, ఆవిడ వాయించిన దానితో పోల్చుకునేది, మొహం ముడుచుకుని చెరిపేసేది. ఒక్క స్వరం పలచబడితే ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడేది కాదు. నేను దాన్ని శ్రద్ధ అనుకున్నాను. అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఇంటర్ రెండో ఏడాదిలో ఒక సాయంత్రం అందరూ వెళ్లిపోయాక వయొలిన్ పెట్టెలో పెట్టి, మూత వేస్తూ అంది.

"మేడమ్, నాను మానేద్దామనుకుంటన్నాను."

"పరీక్షలయ్యేదాకా వారానికి ఒక్క క్లాసు చాలులేవే."

"అది కాదు మేడమ్. నానెంత బాగా వాయించినా ఆ రికార్డింగ్‌లాగే ఉంటాది. దానికంటే బాగోదు కదా. అది అందరి ఫోన్లోనూ ఉంది. మరి నానెందుకు?"

నా ఉద్యోగం మొత్తంలో ఇంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనేం జవాబు చెప్పానో తెలుసా? "చిన్నపిల్లవి, ఇలాంటివి ఆలోచించకు" అన్నాను. హైమ తలూపి మెట్లు దిగిపోయింది.

రెండో వరస

ఆ నెలలోనే రికార్డింగ్‌లోని ఆవిడ కచేరీ విశాఖలో ఉందని తెలిసింది. బీచ్ రోడ్డు దగ్గర ఒక హాల్లో, సాయంత్రం ఆరింటికి. నేను ఉబ్బితబ్బిబ్బయిపోయి హైమకి ఫోన్ చేశాను.

"మర్నాడు మాక్ టెస్ట్ ఉంది మేడమ్. ఆవిడ మోహన నాకు వచ్చు కదా" అంది.

వెనక నుంచి రామునాయుడు గొంతు వినిపించింది. "ఎల్దాం తల్లీ. ఆయమ్మ వాయించింది మనింటి గోడలక్కూడా వచ్చీసింది. ఒక్కసారి మనిసిని సూసొద్దాం."

ఆ సాయంత్రం ఆయన షిఫ్టు దిగి, స్నానం చేసి, తడి తలతో, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. రెండో వరసలో కూర్చున్నాం. నాకు ఇటు హైమ, హైమకి అటు వాళ్ల నాన్న.

ఆవిడకి అరవై అయిదేళ్లుంటాయి. చిన్న మనిషి, నేత చీర. వేదిక మీద కూర్చుని శ్రుతి చేసుకోవడం మొదలుపెడితే బిరడా కదలనంది. రెండుసార్లు ప్రయత్నించి, మైకు దగ్గరికి వంగి, "మీ సముద్రం నా బిరడాని గట్టిగా పట్టుకుందండీ. కొంచెం వదలమనండి" అంది. హాలంతా నవ్వింది. హైమ నవ్వలేదు. అంత పెద్ద విద్వాంసురాలికి బిరడా తిరక్కపోవడమేమిటన్నట్టు చూసింది.

రెండు చిన్న కృతుల తర్వాత మోహన ఎత్తుకుంది. మొదటి స్వరం వినపడగానే హైమ వేళ్లు ఒడిలో కదిలాయి. రికార్డింగ్‌లో ఉన్న ఆలాపన ఆ వేళ్లు తమంతట తామే వాయించేస్తున్నాయి. అర నిమిషం గడిచింది. వేళ్లు ఆగిపోయాయి. మళ్లీ వెతుక్కున్నాయి, మళ్లీ ఆగాయి.

"మేడమ్, తప్పు వాయిత్తన్నారు" అంది నా చెవిలో.

తప్పు కాదు. ఆవిడ వేరే దారిన వెళ్తోంది. రికార్డింగ్‌లో పైకి ఎగిరిన చోట ఈరోజు కింది స్థాయిలోనే తిరుగుతోంది. ఏదో ఒక స్వరాల మలుపు కోసం ప్రయత్నిస్తోందని నాకు తెలుస్తోంది. ఒకసారి పైకి వెళ్లి అందక వెనక్కి వచ్చింది. కాస్త తలాడించి ఇంకో వైపు నుంచి వెళ్లింది. అదీ కుదరలేదు. హైమ నా చేయి పట్టేసుకుంది. మూడోసారి ఎక్కడో మధ్యలోంచి జారినట్టు దిగి, ఒక్క కమానులో షడ్జం మీద వాలింది. మృదంగం ఆయన ఇంకా వాయించాల్సిన వంతు రాలేదు, అయినా "ఆహా!" అని పైకే అనేశాడు. ఆవిడ ఆయన వైపు తిరిగి, దొరికింది చూశారా అన్నట్టు నవ్వింది.

హైమ నా చేయి వదల్లేదు. కానీ పట్టు మారింది. ఇందాక భయంతో పట్టుకుంది. ఇప్పుడు ముందుకు వంగి, కిటికీ ఊచ పట్టుకుని వీధిలోకి చూసేవాళ్లలా పట్టుకుంది.

స్వరాలకి వచ్చేసరికి ఆట మొదలైంది. ఆవిడ ఒక లెక్కలో అల్లితే మృదంగం ఆయన దానికి చివర్న ఒక వంకర తిప్పు తగిలించాడు. ఆవిడ కమాను ఆపేసి, తల పక్కకి వంచి, మైకులో వినపడేటట్టే "ఏదీ, ఇంకోసారి" అంది. ఆయన వాయించాడు. ఆవిడ అదే తిప్పుని తీగల మీద పలికించి, దానికి ఇంకో తోక కలిపి తిరిగిచ్చింది. రామునాయుడు తొడ మీద చరుచుకుని ఘొల్లున నవ్వాడు.

"ఆయమ్మ ఆయన్ని ఆట పట్టిత్తంది తల్లీ! సూడు సూడు, ఇప్పుడు ఆయనేటి సేత్తాడో!"

ఏ రాగమో ఏ తాళమో తెలియని మనిషికి మా ఇద్దరికంటే ముందే అర్థమైంది. తర్వాత ఒకసారి నాతో అన్నాడు: "మా పనీ అంతే కదండీ. కిందన సిగ్నల్ ఇచ్చీవోడి సెయ్యి సూసుకోకపోతే లోడు ఎత్తలేం. ఆళ్లిద్దరూ అలగే సూసుకుంటన్నారు."

హైమ వైపు చూశాను. నోరు తెరుచుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, పెదవుల చివర నవ్వుతో వింటోంది. పెళ్లిలో అన్నం మానేసి కూర్చున్న పిల్లని నేను చూడలేదు. ఆ రోజు చూశాను.

వేదిక వెనక

కచేరీ అయ్యాక ఆవిడని చూడటానికి వేదిక వెనక గదిలోకి వెళ్లాం. ఆవిడ ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసుకుంటోంది. నేను నమస్కారం పెట్టి, పరిచయం చేసుకుని, ఏదో పొగడబోతుంటే హైమ మధ్యలో దూరింది.

"అమ్మా, మీ మోహన నాకు మొత్తం వచ్చండి. ఇయ్యాల అలగ ఎందుకు వాయించలేదు?"

నేను హడలిపోయాను. ఆవిడ మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఏ మోహన తల్లీ?"

హైమ ఫోన్ తీసి వినిపించింది. ఆవిడ కొంచెం విని, "ఓ, ఇదా! నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు దీన్ని. ఇది మొత్తం వచ్చా నీకు?" అని, తన వయొలిన్ తీసి హైమ చేతుల్లో పెట్టింది. "వాయించు."

హైమ చాప మీద కూర్చుని వాయించింది. ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది. నేను నెలరోజులు దిద్దిన ఆ గమకం వచ్చింది. గాంధారం, సన్నని మెరుపు, పంచమం. ఆవిడ చటుక్కున కళ్లు తెరిచింది.

"ఆగాగు. అదేమిటి?"

"రికార్డింగ్‌లో ఉందండి. నెల కష్టపడ్డాను" అంది హైమ గర్వంగా.

ఆవిడ నోటికి చీర చెంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఆపుకోలేక పగలబడి నవ్వేసింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"అది గమకం కాదే పిచ్చితల్లీ! చెమటకి నా వేలు జారిందే ఆ రోజు! మోహనలో లేని మధ్యమం తగిలేసింది. ఎవరూ కనిపెట్టలేదనుకున్నాను ఇన్నాళ్లూ!"

నా మొహం కందగడ్డ అయింది. మోహనలో మధ్యమం ఉండదని మొదటి ఏడాది పిల్లలకి కూడా తెలుసు. నాకు తెలీదా? పేరున్న మనిషి వాయించింది కాబట్టి నా చెవి చెప్పింది నేనే వినలేదు.

"దిద్దింది నేనేనండీ" అన్నాను. "స్వీట్లు కూడా పంచాను."

హైమ నావైపు చూసింది, ఆవిడ వైపు చూసింది. తర్వాత అదీ మొదలెట్టింది నవ్వడం. ఏడాదిగా ఆ పిల్ల అలా నవ్వగా వినలేదు నేను. రామునాయుడికి ఏం జరిగిందో తెలీకపోయినా మాతో పాటు నవ్వాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని, "సరే, ఇప్పుడు నా తప్పు వదిలేసి అక్కడి నుంచి నీకు నచ్చిన వైపు వెళ్లు" అంది.

హైమ కమాను ఎత్తింది. నాలుగు స్వరాలు, అయిదు. బెరుగ్గా, గీరుకుంటూ. ఆగిపోయింది.

"తర్వాత?" అంది ఆవిడ.

"తెల్దండి."

"నాకు మాత్రం తెలుసనుకున్నావా? అక్కడ కూర్చున్నాక వెతుక్కోవడమే. రోజూ కొత్తే. వాయించు."

హైమ వాయించింది. బాగాలేదు. కానీ ఇంతకు ముందు ప్రపంచంలో ఎక్కడా లేనిది.

పాఠం నాకు

మర్నాడు మాక్ టెస్ట్ రాసి నేరుగా స్కూలుకి వచ్చింది. "మేడమ్, స్వరాలు అల్లడం నేర్పండి" అంది. అక్కడ నేనొక నిజం ఒప్పుకోవాల్సి వచ్చింది. పరీక్షల పిల్లలకి నేర్పీ నేర్పీ నేనే మనోధర్మం వాయించి పదిహేనేళ్లయింది. ఆ మాటే చెప్పాను. "నాకూ సరిగ్గా రాదే. ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాను. టీచరు ఈ మాట అంటే పిల్లల దగ్గర విలువ పోతుందని మీకు చెప్పేవాళ్లుంటారు. నమ్మకండి. హైమ ఆ రోజు కుర్చీ నా పక్కకి జరుపుకుని కూర్చుంది.

తర్వాతి పోటీలో కల్పన స్వరాలు సొంతంగా వాయించింది. ప్రైజు రాలేదు. వేదిక దిగి పరిగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, రెండుసార్లు దారి తప్పిపోనాను! రెండుసార్లూ మళ్లీ వచ్చీసినాను! సూసేరా?"

చూశాను. తాళం తప్పి, నాలుగు తాళం చుట్లు ఈదుకుంటూ, సరిగ్గా తాళం మొదలయ్యే చోటుకి, సమం మీదకి వచ్చి పడింది. కప్పు తీసుకున్న పిల్ల కంటే ఎక్కువ వెలిగిపోతోంది.

ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచి గట్టిగానే మాట్లాడారు. ఉద్యోగంలో మొదటిసారి ఎదురు చెప్పాను. వారం రోజులు మాట్లాడుకోలేదు. ఒక సాయంత్రం హైమ, నేను మోహనలో ఒకళ్లకొకళ్లం స్వరాలు విసురుకుంటుంటే ఆయన వరండాలో నిలబడి ఉండటం గమనించాను. చాలాసేపు విని వెళ్లిపోయారు. కొత్త టైంటేబుల్ వచ్చినప్పుడు చూస్తే శనివారం గంట ఒకటి అదనంగా ఉంది. "మనోధర్మం" అని ఆయన చేతిరాత. ఎదురుగా నా పేరు.

హైమ ఇప్పుడు పరవాడలో ఒక కంపెనీలో ఇంజనీరు. శని, ఆదివారాలు కచేరీల్లో గాయకులకి పక్కవాద్యం వాయిస్తుంది. రామునాయుడు ప్రతి కచేరీకి రెండో వరసలోనే కూర్చుంటాడు.

ఇక మీకు నేను చెప్పగలిగింది ఒకటే. మీ పిల్లల్ని కచేరీకి తీసుకెళ్లండి. వింటే బాగా వాయిస్తారని హామీ ఇవ్వలేను. పెద్దవాళ్లు కూడా వెతుక్కుంటారని, దొరక్క తిరిగొస్తారని, దొరికితే చిన్నపిల్లల్లా సంబరపడతారని ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని చూడాలి.

రిటైరయ్యాక కూడా నేను తీసుకెళ్తూనే ఉన్నాను. పోయిన నెల ఏడుగురు పిల్లల్ని తీసుకెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కూర్మన్నపాలెం బస్సెక్కాం. అప్పుడే విన్న స్వరాలు ఒకడు మొదలుపెట్టాడు. వెనక సీట్లో అమ్మాయి అది కాదంటూ ఇంకోలా అందుకుంది. గాజువాక వచ్చేసరికి ఏడుగురూ ఏడు రకాలుగా పాడుతున్నారు. కండక్టరు టికెట్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఏటమ్మా ఈ గోల! పాడితే పాడేరు గానీ, అందరినీ ఒకేలా పాడమనండి."

"పాడరు బాబూ" అన్నాను. "ఇంక పాడరు."